సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ ఆటల్లో క్లాసులు ఉండాలా, వద్దా? ఆట ఎంచుకునే ముందు

రోల్‌ప్లేయింగ్ ఆట అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు తలో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడేది. ఒక సాయంత్రం నలుగురు మిత్రులతో అలాంటి కొత్త సూపర్‌హీరో ఆట మొదలుపెట్టాను. ఐదుగురికీ కలిపి రూల్‌బుక్ ఒక్కటే. క్లాసులు, అంటే పాత్రలకు ముందే గీసిపెట్టిన మూసలు, లేని పద్ధతి అది. కావలసిన శక్తులను పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. మూడు గంటలు గడిచేసరికి ఒక హీరో పూర్తయ్యాడు, రెండు పాత్రలు సగంలో ఆగాయి, నాలుగో కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు. ఆ నాలుగో కాగితం గల మిత్రురాలికి ఊహ కరువై అలా జరగలేదు. విన్న శబ్దాలను ఒంట్లో దాచుకుని, కావలసినప్పుడు బయటికి వదిలే అమ్మాయి తన హీరో అని ఆమె మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పింది. పేరు కూడా పెట్టేసింది: ప్రతిధ్వని. అంత మంచి ఆలోచన నుంచి అంకెల దాకా వెళ్లే దారే ఆమెకు దొరకలేదు. ఆ రాత్రి మేము ఆట ఆడనే లేదు.

కొన్ని నెలల తర్వాత ప్లేబుక్‌లతో నడిచే ఆట తెచ్చాను. ప్లేబుక్ అంటే సగం నింపి ఉంచిన పాత్ర కాగితం. క్లాసుకు దగ్గరి చుట్టం. ప్రతిధ్వని అరగంటలో సిద్ధమైంది. ఈసారి ఇరుక్కున్నది మొదటి ఆటలో అందరికంటే ముందు హీరోను పూర్తిచేసిన మిత్రుడు. యాభై ఏళ్లు దాటి, ముసుగు తీసేసి, మళ్లీ వేసుకోక తప్పని మాజీ వీరుడు అతని పాత్ర. బల్ల మీద పరిచిన కాగితాల్లో ఆ మనిషికి చోటు లేదు. ఆ కాగితాలన్నీ టీనేజీ పిల్లలవి.

ఇద్దరి ఇబ్బందీ న్యాయమైనదే. అప్పటినుంచి ఈ రెండు పద్ధతులనూ మార్చి మార్చి ఆడించాను. క్లాసులు ఉండాలా వద్దా అని నన్ను అడిగేవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ క్లాసు పాత్రలో దేన్ని ముందే ఖాయం చేస్తోంది? శక్తినా, ఆ మనిషి జీవితంలోని చిక్కునా? నా అనుభవంలో సూపర్‌హీరోల విషయంలో శక్తిని ఖాయం చేసే క్లాసు చాలావరకు అడ్డుపడుతుంది, చిక్కును ఖాయం చేసే క్లాసు చాలావరకు ఆదుకుంటుంది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్లాసు ఎక్కడ పుట్టింది, ఇక్కడ ఎందుకు ఇమడదు

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదట ఉన్నవి మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. క్లాసు అంటే పాత్రకు ఇచ్చిన వృత్తి. యోధుడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, మాంత్రికుడు వెనక నుంచి మంత్రం వేస్తాడు, పూజారి గాయాలు మాన్పుతాడు. ఒకరు లేకపోతే మిగతావారి బతుకు కష్టం. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేవాళ్లెవరన్న సమస్యను ఆట మొదటి పేజీల్లోనే తీర్చేస్తుంది. పైగా వృత్తి అన్నాక శిష్యరికం ఉంటుంది. ఈ రోజు రానిది వచ్చే నెల వస్తుంది. లెవెల్ పెరగడమంటే అదే.

సూపర్‌హీరో కథలో ఈ అమరిక కుదరదు. శక్తి ఒక్క రోజులో వచ్చిపడుతుంది: ప్రమాదంలోనో, పుట్టుకతోనో, ఎక్కడినుంచో వచ్చిన ఒక వస్తువు చేతికి తగిలో. ఎగరగలిగినవాడు మొదటి అధ్యాయంలోనే ఎగురుతాడు. ఎగరడం ఐదో లెవెల్‌లో వస్తుందని చెబితే ఆడేవారి ముఖం వాడిపోతుంది. ఒకే జట్టులో కొండను ఎత్తగలిగిన వాడూ ఉంటాడు, విల్లంబులు తప్ప మరేమీ లేని వాడూ ఉంటాడు; కథలో ఇద్దరికీ సమానమైన పని దొరుకుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. ఇలాంటివాడు లోకంలో ఇంకొకడు లేడన్నదే సూపర్‌హీరో ఆకర్షణ. క్లాసు అనే మాటకే ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారని అర్థం.

ఈ చిక్కును ఆటలు రాసేవారు తొందరగానే గుర్తించారు. ఈ తరహాలో ముందుగా అచ్చయిన సూపర్‌హీరో: 2044 అనే ఆట 1977లో హీరోలను మూడు రకాలుగా విడగొట్టింది. రెండేళ్లకు వచ్చిన విలన్స్ అండ్ విజిలాంటీస్ క్లాసులను పక్కన పెట్టి, శక్తులను పాచికలకు వదిలేసింది. లెవెళ్లను మాత్రం ఉంచుకుంది. 1981లో ఛాంపియన్స్ వచ్చింది. పాచికలు వేసి పాత్రను తయారుచేయడమే లేదు, అన్నీ పాయింట్లతో కొనుక్కోవలసిందే. ఈ రోజు మనం క్లాసులు లేని సూపర్‌హీరో ఆట అంటే మనసులో మెదిలే రూపం ఎక్కువగా అక్కడినుంచి వచ్చినదే. మరోవైపు 1984లో హీరోస్ అన్‌లిమిటెడ్ శక్తి ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి వర్గాలు పెట్టి, ప్రతి వర్గాన్నీ దాదాపు క్లాసులాగే నడిపింది. అందులో అనుభవంతో పెరిగే లెవెళ్లూ ఉన్నాయి. అంటే వాదం మొదటినుంచీ రెండు పాయలుగానే సాగింది.

దగ్గరి కాలంలో జరిగిన ఒక మార్పు నాకు చాలా విలువైన పాఠంగా కనిపిస్తుంది. మార్వెల్ మల్టీవర్స్ రోల్‌ప్లేయింగ్ గేమ్ 2022లో ప్రయోగ ప్రతిగా వచ్చినప్పుడు ప్రతి హీరోనూ ఆరు ఆర్కిటైప్‌లలో, అంటే క్లాసుల్లాంటి మూసల్లో, ఒకదానిలో పెట్టాలి: బ్లాస్టర్, బ్రూయిజర్, జీనియస్, పాలీమ్యాత్, ప్రొటెక్టర్, స్ట్రైకర్. 2023లో అసలు పుస్తకం వచ్చేసరికి ఆ ఆరూ మాయమయ్యాయి. హీరో ఎంత స్థాయివాడో చెప్పే ర్యాంకు మాత్రం 1 నుంచి 6 వరకు మిగిలింది. ఆ మార్పు నాకు అర్థమైన తీరు ఇది. పాఠకులకు దశాబ్దాలుగా తెలిసిన హీరోలను ఆరు గదుల్లో సర్దబోతే, ఏ గదిలో పెట్టినా సగం మనిషి బయటే ఉండిపోతాడు. ర్యాంకుకు ఆ బాధ లేదు. అది ఎంత అని చెబుతుంది గానీ ఎలాంటివాడు అని చెప్పదు.

ప్రతిధ్వనిని పాయింట్లతో కడితే

మాటల్లో చెప్పుకుంటూ పోవడం కంటే, మిత్రురాలి హీరోను తీసుకుని లెక్క వేసి చూపిస్తాను. ఆట మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్, మూడో కూర్పు. మొదటి కూర్పు 2002లో వచ్చింది. హీరోల బలానికి ఆ ఆట పెట్టే హద్దు పేరు పవర్ లెవెల్; మామూలు సూపర్‌హీరోకు అది 10. చేతిలో 150 పాయింట్లు ఉంటాయి. పిండి కొద్దీ రొట్టె.

శబ్దాన్ని దూరంగా విసిరి, పడిన చోట చుట్టూ ఉన్న అందరినీ దెబ్బతీయడం మొదటి శక్తి. ఈ ఆటలో ర్యాంకు అంటే ఒక్కో శక్తి ఎంత బలమైనదో చెప్పే అంకె. దెబ్బకు ర్యాంకుకు ఒక పాయింటు, దూరం నుంచి తగలడానికి ఇంకొకటి, చుట్టూ వ్యాపించడానికి మరొకటి. పది ర్యాంకులకు 30 పాయింట్లు. కానీ ముందు విని దాచుకున్న శబ్దం ఉంటేనే ఇది పనిచేస్తుందని ఆమె చెప్పింది కదా. అది పరిమితి. దానికి ర్యాంకుకు ఒక పాయింటు తగ్గుతుంది. 30 కాస్తా 20 అయింది. ఇక్కడ నాకు నిజంగా ముచ్చటేస్తుంది. ఆమె నోటినుంచి వచ్చిన ఒక చిన్న మాట, నిశ్శబ్దంలో తను నిస్సహాయురాలన్న మాట, అంకెల్లోకి తు.చ. తప్పకుండా దిగింది. ఏ క్లాసుల జాబితా కూడా ఇంత దగ్గరగా కొలత తీసి కుట్టలేదు.

రెండో శక్తి: చెవులు గింగురుమనేలా చేసి ఎదుటివారిని కదలకుండా చేయడం. అదే లెక్కన 20. మూడోది: గట్టిపడిన శబ్దంతో గోడ కట్టడం. దీనికి ర్యాంకుకు రెండు పాయింట్లు, పరిమితితో ఒకటి, అంటే 10. మూడూ కలిపి 50.

ఈ పుస్తకాన్ని బాగా చదివినవారు మాత్రం 50 పెట్టరు. ఒకసారికి ఒక్క శక్తినే వాడతానని ఒప్పుకుంటే, మొదటిదానికి పూర్తి ధర పెట్టి మిగతావాటిని ఒక్కొక్క పాయింటుకు చేర్చుకోవచ్చు. 20, 1, 1: మొత్తం 22. మిగిలిన 28 పాయింట్లతో ఇంకో హీరోకు కావలసినన్ని నైపుణ్యాలు కొనుక్కోవచ్చు. ఇది మోసం కాదు, పుస్తకంలో ఉన్న పద్ధతే. కానీ ఒకే 150 పాయింట్లతో, పుస్తకం చదివినవారి హీరోకు, చదవనివారి హీరోకు మధ్య ఎంత తేడా వస్తుందో ఇక్కడ కళ్లకు కడుతుంది. క్లాసులు లేని ఆటల మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఇదే. సమానమైన పాయింట్లు ఇచ్చాం కాబట్టి సమానంగా ఇచ్చినట్టేనని అనుకుంటాం. నిజానికి ఓపికగా పుస్తకం చదివినవారికి బహుమతి ఇస్తున్నాం.

ఆ ఆట దీనికి కొంత విరుగుడు పెట్టింది. పవర్ లెవెల్ 10లో గురిచూసి కొట్టే దాడికి, గురి అంకె, దెబ్బ అంకె రెండూ కలిపి 20 దాటకూడదు. తప్పించుకునే అంకె, దెబ్బను తట్టుకునే అంకె కలిపినా అంతే. గట్టిగా కొట్టేవాడికి గురి తగ్గుతుంది, చురుకైనవాడికి ఒళ్లు పలచన. ఈ గరిష్ఠ పరిమితి వల్ల పోరాటం అదుపు తప్పదు. నైపుణ్యాల్లో, ఉపాయాల్లో వచ్చే తేడాను మాత్రం ఆట నడిపేవారే చూసుకోవాలి.

ఛాంపియన్స్‌లో అలాంటి తేడా ఒకటి నన్ను చాలాకాలం తికమకపెట్టింది. అందులో పోరాటంలోని ఒక చుట్టును టర్న్ అంటారు, దానికి పన్నెండు భాగాలు. స్పీడ్ ఎంత ఉంటే, ఆ పన్నెండింటిలో అన్నిసార్లు మన వంతు వస్తుంది. స్పీడ్ 6 ఉన్నవారు ఆరుసార్లు ఆడితే, స్పీడ్ 3 ఉన్నవారు మూడుసార్లు ఆడతారు. హీరోల పాయింట్లు సమానమే కావచ్చు. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి మాట్లాడే అవకాశమే సగం అయిపోతుంది. ఛాంపియన్స్ నడిపేవారికి నా సలహా ఒకటే: పాత్రలు కట్టే రోజునే స్పీడ్‌ను ఇంత నుంచి ఇంత వరకని చెప్పేయండి, 4 నుంచి 6 చాలు.

పాయింట్ల ఆటలోనూ చిక్కులకు చోటుంది

క్లాసులు లేని ఆటలంటే వట్టి అంకెల గారడీ అని కొట్టిపారేసేవారు ఛాంపియన్స్ చేసిన ఒక గొప్ప పనిని మరచిపోతున్నారు. హీరో జీవితంలోని ఇబ్బందులను అది కాగితం మీదికి ఎక్కించింది. వేటాడే శత్రువు, దాచుకోవలసిన అసలు పేరు, కాపాడవలసిన ఆత్మీయుడు: వీటిలో ఏది తీసుకున్నా శక్తులు కొనడానికి అదనంగా పాయింట్లు వస్తాయి. ఆత్మీయుడు ఎంత తరచుగా కథలోకి వచ్చి చిక్కుకుంటాడో కూడా ఖాయం చేసుకోవచ్చు. మూడు పాచికలు వేస్తే 8 లేదా తక్కువ పడినప్పుడా, 11 లేదా తక్కువకా, 14 లేదా తక్కువకా? లెక్కేస్తే మొదటిది నాలుగు సార్లకు ఒకసారి, రెండోది ఎనిమిదిలో ఐదు సార్లు, మూడోది పదికి తొమ్మిది సార్లు. ప్రతి ఆటకూ తమ్ముడు ఆపదలో పడాలా, ఎప్పుడో ఒకసారా అన్నది ఆడేవారే ఎంచుకుంటారు. ఆట నడిపేవారికి ఇంతకంటే మంచి సూచన ఎక్కడ దొరుకుతుంది?

మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ దీన్నే తిరగేసింది. ఇబ్బందికి ముందుగా పాయింట్లు ఇవ్వదు. ఆ ఇబ్బంది నిజంగా ఆటలో కాలికి అడ్డుపడినప్పుడు తర్వాత అవసరానికి వాడుకునే హీరో పాయింటు ఒకటి చేతిలో పెడుతుంది. నాకు ఈ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. పాయింట్ల కోసం ఐదు ఇబ్బందులు రాసుకుని, ఆ తర్వాత వాటిని అందరూ మరచిపోవడం ఇందులో జరగదు.

అదే అమ్మాయికి ప్లేబుక్ ఇస్తే

మాస్క్స్: ఎ న్యూ జనరేషన్ 2016లో వచ్చిన ఆట. టీనేజీ హీరోల కథలు, రెండు పాచికలు, మూల పుస్తకంలో పది ప్లేబుక్‌లు. ప్రతి ప్లేబుక్‌లో శక్తుల జాబితా చిన్నది ఉంటుంది గానీ కథను నడిపేది అది కాదు. ప్రతిధ్వనినే మూడు ప్లేబుక్‌లలో ఊహించుకోండి.

నోవా ప్లేబుక్ ఇస్తే, ఆమె దాచుకున్న శబ్దం ఆమె అదుపులో ఉండదు. శక్తిని కూడగట్టుకోవడానికి పాచికలు వేసేటప్పుడు, అప్పటికి ఆమె మీద ఉన్న మానసిక గాయాలన్నీ కలుపుకోవాలి: భయం, కోపం, అపరాధభావం, నిరాశ, అభద్రత. ఎంత బాధలో ఉంటే అంత శక్తి. పాచిక తప్పితే అదుపు జారుతుంది. జేనస్ ప్లేబుక్ ఇస్తే, అవే శక్తులు, కానీ ఇంట్లో ఎవరికీ తెలియదు. చదువు, పని, ఇల్లు ఒకవైపు లాగుతుంటే ముసుగు మరోవైపు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మ్డ్ ఇస్తే, ఆమె గొంతే మనిషి గొంతు కాకుండా పోయింది. నోరు తెరిస్తే జనం ఉలిక్కిపడతారు. మూడు చోట్లా శబ్దమే శక్తి. కథలు మూడూ వేరు. మా మిత్రురాలు జేనస్ కాగితం చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, ఆ అమ్మాయి ఇంట్లో జరిగే గొడవల శబ్దాన్ని కూడా దాచుకుంటుందా అని అడిగింది. పాయింట్ల ఆటలో మూడు గంటలు కూర్చున్నా ఆ ప్రశ్న రాలేదు.

శక్తిని కాకుండా చిక్కును ఖాయం చేసే క్లాసు అని నేను మొదట్లో అన్నది దీని గురించే. ఇక్కడ క్లాసు వృత్తి కాదు, ఆ వయసులో ఆ మనిషిని పట్టి పీడించే ప్రశ్న. అలాంటి ప్రశ్న చాలామందికి ఒకేలా ఉండవచ్చు. అందులో తప్పేమీ లేదు. హీరో ఒక్కతే అన్న ఆకర్షణ చెక్కుచెదరదు, ఎందుకంటే శక్తి ఆమెదే.

ఈ ఆటలో ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే అంకె లేదు. ఐదు లేబుళ్లు ఉంటాయి. తనను తాను ప్రమాదకరమైన మనిషిగా చూసుకుంటోందా, రక్షకురాలిగానా, మామూలు అమ్మాయిగానా అని అవి చెబుతాయి. ఆమె మీద పలుకుబడి ఉన్న పెద్దవారెవరైనా నువ్వు ఇలాంటిదానివని గట్టిగా అంటే, ఒక లేబుల్ పెరిగి ఇంకొకటి తగ్గుతుంది. మాట తగిలి అంకె మారడం ఒకసారి చూసినవారు ఈ ఆటను అంత తేలిగ్గా మరచిపోరు.

లోటు కూడా పెద్దదే. ఈ ప్లేబుక్‌లు ఒకే తరహా కథ కోసం తయారయ్యాయి. యాభై ఏళ్ల మాజీ వీరుడికి చోటు లేదని మొదట్లోనే చెప్పాను. శక్తి ఎంత దూరం పోతుంది, ఎంత బరువు ఎత్తుతుంది అని కచ్చితంగా తెలుసుకోవాలనుకునేవారికి ఇక్కడ జవాబు దొరకదు. అలాంటివారిని బలవంతంగా కూర్చోబెడితే రెండో వారానికి రావడం మానేస్తారు.

రెండింటి నడుమ

2020లో వచ్చిన సెంటినెల్ కామిక్స్ రోల్‌ప్లేయింగ్ గేమ్ మధ్యేమార్గం. హీరో నేపథ్యం, శక్తికి మూలం, ఆర్కిటైప్, వ్యక్తిత్వం అని నాలుగు ముక్కలు ఎంచుకుని జతచేస్తాం. ప్రతి ముక్క కొన్ని పాచికలనో సామర్థ్యాలనో తెస్తుంది. ఆర్కిటైప్ ఒక్కటే చూస్తే క్లాసులాగే ఉంటుంది గానీ, మిగతా మూడింటితో కలిసేసరికి ఇద్దరు హీరోలు ఒకేలా రావడం అరుదు. పరిస్థితి ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు దిగజారే కొద్దీ బలమైన సామర్థ్యాలు అందుబాటులోకి వస్తాయి. కథ చివర్లో హీరో ఒళ్లు విరుచుకుని లేచే ఘట్టం దానంతట అదే వచ్చేస్తుంది. మా మాజీ వీరుడు చివరకు ఇక్కడే స్థిరపడ్డాడు.

దాదాపు ఎవరూ వాడుకోని ఇంకో మధ్యేమార్గం పాయింట్ల పుస్తకాల్లోనే ఉంది. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లో సిద్ధంగా కట్టి ఉంచిన నమూనా హీరోలు ఉంటారు: ఎనర్జీ కంట్రోలర్, క్రైమ్ ఫైటర్, పవర్‌హౌస్, స్పీడ్‌స్టర్ వంటివి. అవి క్లాసులు కావు, ఎక్కడైనా మార్చుకోవచ్చు. కొత్తవారు ఖాళీ కాగితంతో కాకుండా వీటిలో ఒకదానితో మొదలుపెట్టి, రెండు మూడు శక్తులు మార్చుకుంటే చాలు. ఆ మొదటి సాయంత్రం నేను ఎనర్జీ కంట్రోలర్ పేజీ తీసి మిత్రురాలి ముందు పెట్టి ఉంటే ప్రతిధ్వని ఆ రోజే పుట్టేది.

పాచికలకు వదిలేసే పద్ధతి మూడో దారి. 1984 నాటి మార్వెల్ సూపర్ హీరోస్‌లో హీరో పుట్టుక, బలాబలాలు, శక్తులు అన్నీ పాచికలతో తేల్చుకోవచ్చు. ఒక్క పూట ఆటకు అది హాయి. ఏడాది పొడవునా ఆడాలనుకుంటే మాత్రం, నచ్చని శక్తిని మోస్తూ తిరగడం కష్టం.

మీరు ఎలా తేల్చుకోవాలి

పుస్తకం కొనకముందే ఒక పని చేయండి. ఆడబోయే ప్రతి ఒక్కరినీ తమ హీరో గురించి ఒకే వాక్యం చెప్పమనండి. ఏ నియమం గుర్తుపెట్టుకోవద్దని చెప్పండి. చెప్పిన వాక్యాలను యథాతథంగా రాసుకోండి.

అలాంటి వాక్యాలు రెండు తీరుల్లో వస్తాయి. నీడల్లోంచి నీడల్లోకి దూకుతాడు, తాకిన లోహమంతా అతని మాట వింటుంది: ఇది శక్తి నుంచి పుట్టిన వాక్యం. చనిపోయిన అక్క ముసుగు వేసుకుని తిరుగుతోంది, అక్క బతికే ఉందని జనం అనుకుంటున్నారు: ఇది చిక్కు నుంచి పుట్టిన వాక్యం. మీ బృందంలో మొదటి రకమే ఎక్కువైతే క్లాసులు లేని ఆట తీసుకోండి. అలాంటివారికి ప్లేబుక్ ఇస్తే, మొదటి గంటలోనే ఈ జాబితాలో నా శక్తి లేదని మొదలవుతుంది. రెండో రకం ఎక్కువైతే ప్లేబుక్‌లున్న ఆట మేలు. వారికి పాయింట్ల పట్టిక ఇస్తే, చెప్పాలనుకున్న కథకు పట్టికలో గడి దొరకక చేతులు ముడుచుకుని కూర్చుంటారు. సగం సగం అయితే సెంటినెల్ కామిక్స్ వంటి కలగలుపు ఆట చూడండి. లేదా పాయింట్ల ఆటే తీసుకుని, ప్రతివారూ శక్తులు రాయకముందు రెండు ఇబ్బందులు రాయాలని షరతు పెట్టండి. నేను ఈ మధ్య ఎక్కువగా చేస్తున్నది ఈ చివరిదే.

తర్వాత చూడవలసింది సమయం. మూడు నాలుగు పూటల్లో ముగిసే కథైతే పాయింట్ల లెక్కకు ఒక పూట ధారపోయడం దండగ. ఏడాదిపాటు సాగే కథైతే ఆ ఒక్క పూట పెద్ద ఖర్చేమీ కాదు. పైగా అంతకాలం ఒకే మనిషిని మోయడానికి, కొలత తీసి కుట్టిన పాత్ర బాగా ఓర్చుతుంది. ప్లేబుక్ పాత్ర కథ ఒక మలుపు దగ్గర పూర్తవుతుంది. మాస్క్స్‌లో ఆ దశకు వచ్చినవారు ప్లేబుక్ మార్చుకోవచ్చు, లేదా ముసుగు తీసేసి కథలోంచి తప్పుకోవచ్చు. అది లోపం కాదు. ఆ ఆట ఎదగడం గురించినది, ఎదగడానికి ఒక అంచు ఉంటుంది.

నియమాలను ఇష్టంగా చదివే మనిషి మీలో ఒకరున్నారా? ఉంటే, ఆ ఒక్కరే మిగతా అందరి పాత్రలకూ లెక్క వేసిపెట్టడానికి ఒప్పుకుంటారా? ఈ రెండో ప్రశ్నకు అవునన్న జవాబు రాకపోతే, ఛాంపియన్స్ లాంటి ఆట జోలికి వెళ్లకండి. నిజంగా చెబుతున్నాను, ఆ ఆట అంటే నాకు ప్రేమ. కానీ అర్థం చేసుకున్నవారు ఒక్కరే ఉండి, వారు తమ హీరోను మాత్రమే మెరుగుపెట్టుకుంటుంటే, మిగతావారికి అది శిక్ష.

ఆట నడిపేవారి భారం కూడా ఆలోచించండి. పాయింట్ల ఆటలో ప్రతి విలన్‌ను కూడా కట్టాలి. పుస్తకంలోని సిద్ధపు విలన్లను వాడుకుంటే పని సగం తగ్గుతుంది గానీ సున్నా కాదు. ప్లేబుక్ ఆటలో ముందస్తు లెక్క తక్కువ; ఆడుతూ ఉండగా అప్పటికప్పుడు తేల్చవలసినవి ఎక్కువ. లెక్కలు కుదురుగా వేసుకోవడం ఇష్టమైనవారికి మొదటిది, మాటకు మాట అల్లుకుపోయేవారికి రెండోది.

ఒకే జట్టులో బలవంతుడు, బలహీనుడు ఉండాలని కోరుకుంటే మూడు దారులున్నాయి. 1985 నాటి డీసీ హీరోస్ ఒక్కో అంకెను ముందు అంకెకు రెట్టింపుగా లెక్కించింది. అంటే 10కీ 20కీ మధ్య తేడా వెయ్యి రెట్లకు పైనే. కాగితం మీద చిన్న అంకెల్లోనే ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా ఇమిడిపోతుంది. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ గరిష్ఠ పరిమితి పెట్టి అందరినీ ఒక మట్టానికి తెస్తుంది. మాస్క్స్ అసలు బలాన్ని కొలవనే కొలవదు. కొండను ఎత్తేవాడికీ, విల్లు పట్టినవాడికీ గాయాలు అవే ఐదు. తేడాను నిజంగా అనుభవించాలనుకునేవారు మొదటి దారి, పోరాటం సమఉజ్జీగా ఉండాలనుకునేవారు రెండోది, పోరాటం మీద అంత మోజు లేనివారు మూడోది పట్టాలి.

ఎంచుకున్నాక

క్లాసులు లేని ఆట ఎంచుకుంటే పాత్రలను ఎవరికివారు ఇంట్లో కట్టుకుని రాకూడదు. ఒకే చోట కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూసుకుంటూ కట్టాలి. లేకపోతే ముగ్గురు ఎగిరే బలవంతులు, వారి మధ్య తాళం తీయడం తెలిసినవారు ఒక్కరూ లేని జట్టు తయారవుతుంది. ప్రతి కాగితం పైన ఈ జట్టులో నేను మాత్రమే చేయగలిగింది ఏమిటన్న గడి ఒకటి మీరే గీసి, అందరిచేతా నింపించండి. క్లాసు చేసే మంచిపని అదే. క్లాసు లేకుండానే దాన్ని తెచ్చుకోవచ్చు.

ప్లేబుక్ ఆట ఎంచుకుంటే ఒక ప్లేబుక్‌ను ఒక్కరికే ఇవ్వండి. పేర్లు చూసి కాకుండా, వెనక రాసి ఉన్న ప్రశ్నలు చదివి ఎంచుకోమనండి. శక్తుల జాబితాలో తమది లేకపోతే చేర్చుకోనివ్వండి; ఆటకు ఏమీ కాదు. ప్లేబుక్‌లోని చిక్కును మాత్రం మార్చనివ్వకండి, దాని మీదే అంతా నిలబడి ఉంది.

మధ్యలో ఆట మార్చవలసి వస్తే భయపడనవసరం లేదు. మేము ఒకసారి ప్లేబుక్‌ల నుంచి పాయింట్లకు మారాం. మొదట చెప్పిన వాక్యం, పాత ప్లేబుక్‌లోని చిక్కు, మిగతా హీరోలతో ఉన్న బంధాలు మాత్రమే తీసుకువెళ్లాం. పాత అంకెలన్నీ వదిలేశాం. ప్రతిధ్వని కొత్త కాగితంలో 22 పాయింట్ల శక్తులు, రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటి ఇబ్బంది ఇంట్లో తన రహస్యం. రెండోది, ఆ ఇంటి గొడవల శబ్దం ఇంకా ఆమె ఒంట్లోనే ఉంది, ఎక్కడ వదలాలో ఆమెకు తెలియదు. వచ్చే శనివారం ఆట అక్కడినుంచే మొదలుపెడుతున్నాను.